ఉప్పుగాలిలో పదేళ్ళు: మా ఇంటి పెట్రోలు జనరేటర్

విశాఖపట్నం పెదవాల్తేరులో మాది రెండంతస్తుల సొంత ఇల్లు. సాయంత్రం పూట సముద్రపు ఒడ్డుకు నడిచి వెళ్ళి రాగలిగినంత దగ్గర. 2015 జూన్‌లో కొన్న 2.8 కేవీఏ (యంత్రం ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) పెట్రోలు జనరేటర్ ఇప్పటికీ ఆ ఇంటి పెరట్లో పనిచేస్తోంది. దాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఎంతసేపు నడిచిందో, ఎంత పెట్రోలు పోశామో ఒక నోటు పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఆ లెక్క ప్రకారం ఇంతవరకు 400 గంటల పైచిలుకు నడిచింది. పదేళ్ళకు ఇది పెద్ద సంఖ్య కాదు. అయితే ఇంటి జనరేటర్‌కు నడిచిన గంటలకంటే నడవకుండా మూలనున్న నెలలే ఎక్కువ చేటు చేస్తాయని నాకు ఈ పదేళ్ళలో తెలిసివచ్చింది కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

కొనడానికి కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మా నగరం మీదే తీరం దాటినప్పుడు చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి నేలకొరిగాయి. మా ఇంట్లో అప్పటికే ఇన్వర్టరూ, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లతో అది ఐదారు గంటలు వస్తుంది. ఆ రోజూ అంతే వచ్చి, రాత్రి పడేసరికి ఆగిపోయింది. మొదటి రాత్రి చీకటి మాకు కష్టమనిపించలేదు. మూడో రోజుకు అసలు సంగతి అర్థమైంది. కింద సంపు నిండా నీళ్ళున్నా మేడ మీది ట్యాంకు ఎండిపోయింది. మా అమ్మగారి ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డ చుట్టిన మట్టి ముంతలో పెట్టి, గుడ్డ ఆరిపోయినప్పుడల్లా నీళ్ళు చిలకరిస్తూ కాపాడుకున్నాం. ఇన్వర్టర్ ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఆనాటికి ఒకటే అయిపోయాయి.

అందువల్ల ఎవరైనా నన్ను సలహా అడిగితే, కరెంటు పోయిన మొదటి గంటను కాదు, మూడో రోజును దృష్టిలో పెట్టుకొని జనరేటర్ ఎంచుకోమంటాను. రోజువారీ గంటా రెండు గంటల కోతలకు ఇన్వర్టరే సరిపోతుంది. దానికి చప్పుడు లేదు, పొగ లేదు, తాడు లాగే పని లేదు. ఆ అవసరానికే జనరేటర్ కొనేవారు డబ్బు వృథా చేసుకుంటున్నట్టే లెక్క. మా నోటు పుస్తకంలోని లెక్క చూస్తే, సగం లోడు మీద మా యంత్రం గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగి, ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు ఇస్తుంది. అంటే యూనిట్ ఖరీదు వంద రూపాయల పైమాటే. వట్టి ఫ్యాన్లూ లైట్లూ వేసినా గంటకు 700 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, ఎందుకంటే ఈ పాత తరహా యంత్రం లోడు ఉన్నా లేకపోయినా కరెంటుకు కావలసిన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) కోసం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉండాలి.

ఇక ఎన్ని కేవీఏలు కావాలన్న ప్రశ్న. దుకాణంలో ఇంటిలోని పరికరాలన్నీ కూడి 5 కేవీఏ తీసుకోమన్నారు. ఏసీ, గీజరు, వాషింగ్ మెషీన్ అన్నీ ఒకేసారి నడవాలంటే ఆ లెక్క తప్పు కాదు. కానీ తుపాను రోజున మాకు కావలసినవి నాలుగే: నీళ్ళ మోటారు, ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్, ఫోన్లు. వీటిలో నిర్ణయించేది మోటారు ఒక్కటే. మాది ఒక హెచ్‌పీ మోటారు, అంటే 746 వాట్లు. నష్టాలతో కలిపి అది లైన్ నుంచి 1000 వాట్లకు కాస్త అటూ ఇటూగా తీసుకుంటుంది. అయితే స్విచ్ వేసిన తొలి క్షణంలో అదే మోటారు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు పెట్టి చూపించినప్పుడు, నడిచేటప్పుడు 5 ఆంపియర్లు చూపిన ముల్లు స్టార్టింగ్‌లో 25 దాటి వెళ్ళి వచ్చింది.

ఆ మీటరు చూశాకే నేను దుకాణంవారిని ఒక కోరిక కోరాను: యంత్రాన్ని మా ఇంటికి తెచ్చి మా మోటారు మీద నడిపి చూపించాలి. వారు ఒప్పుకున్నారు. ముందుగా తెచ్చిన 2 కేవీఏ యంత్రం ఫ్రిజ్‌నూ లైట్లనూ హాయిగా మోసింది. మోటారు స్విచ్ వేయగానే ఇంజిన్ గొంతు పట్టేసినట్టు మూలిగింది, లైటు మసకబారింది, మోటారు తిరగకుండా గుయ్‌మని చప్పుడు చేసింది, మరుక్షణం ట్రిప్ అయింది. రెండోసారీ అంతే. 2.8 కేవీఏ యంత్రం మాత్రం ఒక్క క్షణం తూలి నిలదొక్కుకొని మోటారును తిప్పింది. వాట్ల కాగితాలు ఎన్ని చూసినా రాని స్పష్టత ఆ రెండు నిమిషాల్లో వచ్చింది. యంత్రాన్ని ఇంట్లో నడిపి చూపడానికి ఒప్పుకోని చోట కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

దీనికి అనుబంధంగా మరొక మాట. ఆరేళ్ళ తర్వాత ఒకసారి మా జనరేటర్ అదే మోటారును లేపలేక మొండికేసింది. తప్పు జనరేటర్‌ది కాదు. మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కెపాసిటర్ బలహీనపడింది. కొద్దిపాటి ఖర్చుతో దాన్ని మార్చగానే మళ్ళీ మామూలుగా తిరిగింది. లైన్ కరెంటు మీద అలాంటి లోపం చాలాకాలం బయటపడదు, చిన్న జనరేటర్ మీద వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందుల సంగతి. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా నగరంలో కుండపోత. కరెంటు పోయింది. తాడు లాగాను, ఇంజిన్ ఒకసారి దగ్గి ఆగింది. ఇరవైసార్లు లాగినా అంతే. సెల్ఫ్ స్టార్ట్ బ్యాటరీ అంతకు ఎంతోకాలం ముందే పోయింది. ఆ రాత్రంతా ఇన్వర్టర్ మీదే గడిపాం. రెండు రోజులకు వచ్చిన మెకానిక్ కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) అడుగు గిన్నె విప్పి నా అరచేతిలో పెట్టాడు. అందులో తేనెరంగు జిగురు పేరుకొని ఉంది. దాని కింద గుండ్రంగా ఒక నీటిబొట్టు, పెట్రోలులో కలవకుండా, వేలితో కదిపితే అటూ ఇటూ పాకుతోంది. "ఎన్నాళ్ళయిందండీ ఇందులో పెట్రోలు పోసి?" అని అడిగాడు. ఎనిమిది నెలలు.

పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మన సముద్రతీరంలో గాలి నిండా తేమే. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. అప్పటికంటే ఇప్పుడు ఇథనాల్ వాటా 20 శాతానికి పెరిగింది కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆనాటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం పదిహేను నిమిషాలు జనరేటర్ నడుపుతాను, అదీ ఖాళీగా కాదు, ఫ్రిజ్ లోడు మీద. ఆపేటప్పుడు స్విచ్ నొక్కను. పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) కట్టేసి, గిన్నెలో ఉన్నదంతా కాలిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా చూస్తాను. ట్యాంకులోని పెట్రోలు రెండు నెలలు దాటితే తీసి స్కూటర్‌లో పోసేస్తాను. ఈ నాలుగేళ్ళలో మూడోసారి తాడు లాగవలసిన అవసరం రాలేదు.

పెట్రోలు నిల్వ గురించి కూడా చెప్పాలి. హుద్‌హుద్ తర్వాత బంకుల దగ్గర బారులు తీరిన జనాన్ని చూసినవారికి, తుపాను వచ్చాక పెట్రోలు దొరుకుతుందన్న భరోసా ఉండదు. సొంత అవసరానికి 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవడానికి చట్టం అనుమతిస్తుంది, కానీ అది గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలోనే ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున నేను 10 లీటర్లు మాత్రం తెస్తాను, గండం గడిచాక స్కూటర్‌కు వాడేస్తాను. ఆ 10 లీటర్లతో మూడు రోజులు గడుస్తాయి, ఎలాగంటే జనరేటర్‌ను రోజంతా నడపం. ఉదయం గంటన్నర, సాయంత్రం గంటన్నర. ముందు మోటారు ఒక్కటే వేసి ట్యాంకు నింపుతాం. అది ఆగాక ఫ్రిజ్, ఇన్వర్టర్ ఛార్జింగ్. మిగతా సమయమంతా బ్యాటరీ మీద ఫ్యాన్లు తిరుగుతాయి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే చల్లదనం తర్వాతి విడత వరకు నిలుస్తుంది. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది: జనరేటర్ కరెంటులో హెచ్చుతగ్గులు ఉంటాయి కనుక ఇన్వర్టర్ వెనక ఉన్న మీట యూపీఎస్ మోడ్‌లో ఉంటే ఛార్జింగ్ తీసుకోదు. దాన్ని మామూలు మోడ్‌కు మార్చాలి. మొదటి ఏడాది ఇది తెలియక ఇన్వర్టర్ పాడైందనుకొని రిపేరుకు పంపాం.

ఉప్పుగాలి చేసే నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. నాలుగో ఏట సైలెన్సర్ కింది భాగం తుప్పుపట్టి చిల్లులు పడింది, మార్చాం. తొలి రెండేళ్ళు వాన పడకుండా పాలిథిన్ కవరు బిగించి కట్టేవాళ్ళం. అది లోపలి తేమను బయటికి పోనివ్వక తుప్పును మరింత పెంచింది. ఇప్పుడు ఇటుకల మీద రబ్బరు చాప వేసి, పైన వదులుగా ముతక గుడ్డ కప్పుతున్నాం. బోల్టులకు ఏడాదికి రెండుసార్లు గ్రీజు పూయడం అలవాటైంది. ఇంజిన్ ఆయిల్‌ను వంద గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మారుస్తున్నాం; గంటలు నిండలేదని ఒకసారి వదిలేస్తే ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడింది.

రెండు విషయాల్లో మాత్రం ఎవరూ రాజీపడకూడదని చేతులు జోడించి కోరుతున్నాను. మొదటిది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకో, మెట్ల కిందికో, స్టిల్ట్ పార్కింగ్‌లోకో జరపడం నేను మా వీధిలోనే చూశాను. మేము పెరట్లో, కిటికీలకు ఇరవై అడుగుల అవతల, నాలుగు వైపులా తెరిచిన రేకుల పందిరి వేయించి, సైలెన్సర్ మూతి గోడవైపు కాకుండా బయటికి తిప్పి పెట్టాం. ఆ పందిరికైన ఖర్చును జనరేటర్ ధరలో భాగంగానే లెక్కించుకోవాలి.

రెండోది చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని వీధి లైన్‌కో జనరేటర్‌కో ఏదో ఒకదానికే కలిపే స్విచ్. తొలిరోజు వైరింగ్‌కు వచ్చిన మనిషి, రెండు చివరలా ప్లగ్గులున్న వైరు ఒకటి చేసి గోడ సాకెట్‌లో పెడితే ఇల్లంతా కరెంటు వస్తుందని, మెయిన్ ఆపేస్తే చాలని అన్నాడు. మెయిన్ ఆపడం ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మరచిపోతారు. అప్పుడు మన ఇంటి 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్ళి 11 వేల వోల్టులుగా మారి, లైన్ చచ్చిపోయిందన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌ను తాకుతాయి. హుద్‌హుద్ తర్వాత రాత్రింబవళ్ళు మన వీధుల్లో స్తంభాలు నిలబెట్టినవారు వాళ్ళే. ఫేజూ న్యూట్రలూ రెంటినీ మార్చే చేంజోవర్ స్విచ్‌తో, విడిగా ఎర్తింగ్‌తో పని పూర్తయ్యాకే మేము జనరేటర్‌ను కలిపాం.

ఇతర రకాల గురించి క్లుప్తంగా. మధురవాడలో ఫ్లాటులో ఉండే మా తమ్ముడికి నీళ్ళ మోటారు బెడద లేదు, అది అపార్ట్‌మెంటు డీజిల్ జనరేటర్ చూసుకుంటుంది. పై అంతస్తులో సొంత డాబా ఉండటంతో అతను 2 కేవీఏ ఇన్వర్టర్ తరహా పెట్రోలు జనరేటర్ తీసుకున్నాడు. లోడును బట్టి ఇంజిన్ వేగం తగ్గుతుంది కనుక చిన్న లోడు మీద మాదానిలో సగం పెట్రోలే తాగుతుంది, పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు, ఒక్క మనిషి మోసుకెళ్ళగలడు. మాది కదపాలంటే ఇద్దరు కావాలి. చప్పుడుకు రాత్రి తొమ్మిది దాటాక వేయడానికి నాకే మనసొప్పదు. డీజిల్ యంత్రానికి నడిపే ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ, కానీ ఎప్పుడూ తక్కువ లోడు మీదే నడిపితే కాలని ఇంధనం సైలెన్సర్‌లో మసిగా పేరుకుంటుంది. ఒక్క కుటుంబానికి అది బరువైన ఎంపిక. డాబా మీద సోలార్ ఉంది కదా అనుకునేవారు ఒకటి గమనించాలి: బ్యాటరీ లేకుండా లైన్‌కు కలిపిన సోలార్, లైన్‌మ్యాన్ భద్రత కోసమే, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది.

ఈ వేసవిలో మా యంత్రానికి రెండో సైలెన్సర్ కూడా పలచబడింది. దీన్ని మరో రెండేళ్ళు నడిపి, తర్వాత ఇన్వర్టర్ తరహాలో 3 కేవీఏ తీసుకోవాలని మా ఇంట్లో అనుకుంటున్నాం. అదీ ముందు మా పెరట్లోకి వచ్చి, మా మోటారును లేపి చూపించాలి. ఈలోగా సెప్టెంబరులోనే ఆయిల్, స్పార్క్ ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ మార్పించేశాను. అక్టోబరు వచ్చిందంటే మా మెకానిక్ ఫోన్ ఎత్తే తీరిక లేకుండా ఉంటాడు.