తిరుపతిలో పికప్ ముందు భాగం దించుకునేవారికి హెచ్చరిక: స్ప్రింగులు మీ కళ్ళతో చూడండి

పికప్ ముందు భాగం అంగుళంన్నర దించి, కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకు ఎంత వాలి ఉందనే కోణం) సరిచేసి ఇస్తామన్న తిరుపతి షెడ్డు ఒకటి నన్ను నిలువునా మోసం చేసింది. కొత్త పొట్టి స్ప్రింగులకని డబ్బు తీసుకుని, నా పాత స్ప్రింగులనే గ్యాస్‌తో ఒక చుట్టు కోసి, నల్లరంగు పూసి బిగించారు. రంగు గీరి చూస్తే కోసిన కొస నీలంగా మాడి ఉంది. అంత వేడి తగిలితే స్ప్రింగు ఉక్కుకు పదును పోతుంది. అక్కడే కుంగవచ్చు, విరగవచ్చు. కోసిన కొస దాని గిన్నెలో సరిగా కూర్చోదు కూడా. పెద్ద గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పితే బండి ఏమవుతుందో ఆలోచించండి.

కాంబర్ పని ఇంకా ఘోరం. బండి దిగితే చక్రాలను ఛాసిస్‌కు కలిపే ఆర్మ్‌ల కోణం మారి చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, దానితో పాటు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. నా బండిలో పై ఆర్మ్ దగ్గర షిమ్‌లు (కోణం సరిచేయడానికి పెట్టే పలుచని లోహపు బిళ్ళలు) ఉండవలసిన చోట మామూలు వాషర్లు దొంతరగా పెట్టారు. నట్టు పట్టడానికి బోల్టుకు మర సరిగా మిగలలేదు! వేరే చోట కొలిపిస్తే ఎడమ చక్రం కాంబర్ మైనస్ రెండున్నర డిగ్రీలు (మైనస్ అంటే పైభాగం లోపలికి వాలినట్టు), కుడిది మైనస్ ఒకటి. ఇంత తేడా ఉంటే బండి కుడికి, అంటే ఎదురుగా వచ్చే వాహనాల మీదికి లాగుతుంది. భాకరాపేట ఘాట్ మలుపుల్లో నాకు అదే జరిగింది. 2022 మార్చిలో పెళ్ళివారి బస్సు లోయలో పడిన దారి అది. అక్కడ స్టీరింగు మన మాట వినకపోతే తప్పించుకునే చోటు ఉండదు. ఎడమ టైరు లోపలి అంచు అప్పటికే తీగలు తేలేంత అరిగింది.

ఈ పని చేయించేవారు కొత్త స్ప్రింగులను పెట్టెలో, పార్ట్ నంబరుతో సహా చూశాకే డబ్బు ఇవ్వండి. పాతవి తిరిగి అడిగి తీసుకోండి. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును అదిమి పట్టే పరికరం), జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని నిలిపి ఉంచే దిమ్మలు) లేని షెడ్డులో పని మొదలుపెట్టనివ్వకండి; అదిమి ఉన్న స్ప్రింగు జారితే మెకానిక్ ప్రాణమే పోతుంది. ఆర్మ్‌ల బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) బోల్టులు చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల కొలతల) కాగితం పనికి ముందుది, తర్వాతది రెండూ తీసుకోండి. కాంబర్ కంపెనీ చెప్పిన హద్దులోకి రాకపోతే బండిని అతిగా దించినట్టే. తిరిగి ఎత్తించుకోవాలి తప్ప వాషర్లు కుక్కించుకోకూడదు.

ఆర్టీఓతో ఇబ్బందేమీ ఉండదని షెడ్డువాళ్ళు చెప్పే మాట కూడా నమ్మకండి. ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలతో సరిపోలకుండా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆర్టీఓ కార్యాలయంలో, బీమా సంస్థలో ముందే అడిగి తెలుసుకోండి.

ఈ మధ్య ఇలా చేయించుకున్నవారు స్టీరింగు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు తడిమి చూడండి. అరుగుదల కనిపిస్తే ఘాట్ ఎక్కకండి, లోడు వేయకండి.