నాలుగేళ్లు సూడోమోనాస్ వాడాక

పెనుమాక వైపు మాకున్న ఎకరంలో వంగ, టమాటా వేస్తాం. నాలుగేళ్లుగా సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడి వాడుతున్నాను. ఇది మొక్కను తెగుళ్ల నుంచి కాపాడే మేలు బ్యాక్టీరియా.

దాని జోలికి వెళ్లింది వంగ వల్ల. సరిగ్గా కాపుకొచ్చే వేళకి పచ్చగా ఉన్న చెట్టు పచ్చగానే వాలిపోయేది. ఒక చెట్టు పీకి, మొదట్లో కాండం కోసి, గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టి చూశాను. కాసేపటికి కోసిన చోటి నుంచి పాలదారం లాంటి తెల్లటి తీగ కిందికి జారింది. రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా తెచ్చే ఎండు తెగులది. అది పట్టిన చెట్టును సూడోమోనాస్ కూడా బతికించలేదు, ఆ ఆశతో కొనకండి. చేసేదంతా ముందే చెయ్యాలి. వేరు చుట్టూ ముందుగా సూడోమోనాస్ చేరితే, మట్టిలో ఇనుమును తనవైపు లాక్కుని తెగులు క్రిములకు అందనివ్వదు.

కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తాను. నాటే రోజు లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి నారు వేళ్లు అరగంట ముంచుతాను. అసలు బలమంతా ఎరువులో ఉంది. రెండు కిలోల పొడి 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, వేపచెట్టు నీడన గోనెపట్టాలు కప్పి, తడి ఆరకుండా పది రోజులు ఉంచుతాం. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, చుక్క నీరు కారకూడదు. దాన్ని దుక్కిలో చల్లి వెంటనే తడి ఇస్తాం.

నారుకుళ్లు దాదాపు పోయింది, దానికి పూర్తి మార్కులు. ఎండు తెగులు తగ్గింది గానీ పోలేదు. వానలకు నీరు నిలిచే మూల ఇప్పటికీ చెట్లు పోతూనే ఉన్నాయి. బోదెలు ఎత్తు చేశాకే అక్కడ కాస్త నయం. టమాటా ఆకుముడతకి మాత్రం దీనితో పని లేదు, అది తెల్లదోమ మోసే వైరస్.

మొదటి ఏడాది ఇది వేసిన నాలుగో రోజే మొదళ్లలో కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు పోశాను. రాగి ఈ బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. ఇప్పుడు రెండు వారాల ఎడం పాటిస్తున్నాను.

ఇంకో ఏడాది ఒక కొట్లో, మే ఎండలో రేకుల కింద పడున్న ప్యాకెట్లు అమ్మారు. అప్పుడు నారంతా కుళ్లింది, నాకు చాలా బాధేసింది. సూడోమోనాస్‌కి వేడిని తట్టుకునే గట్టి బీజాలు (స్పోర్లు) కట్టే గుణం లేదు, వేడికి చచ్చిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో మేలు బ్యాక్టీరియా అలాంటి బీజాలు కట్టి ఎండకి తట్టుకుంటుంది గనక వేసవి నారుకి అదే వాడుతున్నా. సూడోమోనాస్ కొనేటప్పుడు మాత్రం తయారీ తేదీ చూసి, నీడన పెట్టిన పెట్టెలోంచే తీయించుకుంటున్నా.