స్పీకర్లు కొనేటప్పుడు చూపుకా, చెవికా: ఏది మేలు?

నల్లగొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు హాలులో మంచి పాటల సెట్టు పెట్టుకోవాలనుకుంటే, హైదరాబాద్ వెళ్లి సాధారణంగా మూడు రకాల సరుకు చూసి వస్తారు. మొదటి రకం, అద్దంలా మెరిసే నల్లటి టవర్ స్పీకర్లు, వాటికి జోడుగా మందపాటి అల్యూమినియం పట్టీ ముఖం ఉన్న యాంప్లిఫయర్. రెండవ రకం, మూరెడు ఎత్తు కూడా లేని సాదా బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, ఏ అలంకారమూ లేని చిన్న యాంప్లిఫయర్. మూడవ రకం, టీవీ కింద ఇమిడిపోయే సౌండ్‌బార్, లేదా ఫాల్స్ సీలింగ్‌లో బిగించే గుండ్రటి స్పీకర్లు. మూడింటికీ ఒకే డబ్బు పెడుతున్నామని అనుకుంటే, మొదటిదానిలో ఆ డబ్బులో కొంత పైమెరుగులకు పోతుంది, రెండవదానిలో చాలా భాగం లోపలి సరుకుకే చేరుతుంది, మూడవదానిలో కంటికి అడ్డం రాకుండా ఉన్నందుకే కొంత చెల్లించాల్సి వస్తుంది. కాబట్టి రెండవదే మేలని ఈ విద్య తెలిసినవారు తడుముకోకుండా చెబుతారు. ఆ తీర్పు సగమే నిజమని నా అభిప్రాయం. స్పీకరు ఎలా కనబడుతుందనే దానిని బట్టే ఇంట్లో దానికి ఏ చోటు దక్కుతుందో తేలుతుంది. ఆ చోటును బట్టే అది ఎలా పలుకుతుందో తేలుతుంది.

అయితే ముందుగా ఆ సగం నిజానికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. కళ్లు చెవులను ఎంతగా లోబరుచుకుంటాయో 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ ప్రకటించిన పరీక్ష చూపించింది. అమెరికాలోని హర్మన్ సంస్థలో పనిచేసే 40 మందికి నాలుగు స్పీకర్లను తెర చాటున ఉంచి ఒకసారి, కళ్లెదుట పెట్టి ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. కళ్లెదుట ఉన్నప్పుడు పెద్దగా, ఖరీదుగా కనబడే స్పీకర్లకు మార్కులు పెరిగాయి. చిన్నగా, చవకగా కనబడే సెట్టుకు తగ్గాయి. అంతకంటే ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. తెర ఉన్నప్పుడు స్పీకరును గదిలో ఒక చోటినుంచి మరో చోటికి మారిస్తే విన్నవారు ఆ తేడాను పట్టుకోగలిగారు. చూస్తూ విన్నప్పుడు అదే తేడా వారికి దాదాపుగా అందలేదు. వీరంతా శబ్దపరికరాల సంస్థలో ఉద్యోగం చేస్తున్నవారే అన్నది మరచిపోకూడదు. కోఠీలోని గుజరాతీ గల్లీ సందడిలో నిలబడి, పక్క దుకాణం బాస్ మోతల మధ్య రెండు నిమిషాలు విని తేల్చుకునే మనం వారికంటే గట్టివాళ్లమని అనుకోవడం కష్టం. కొనేటప్పుడు వెంట వచ్చినవారిని స్పీకర్లు మార్చమని చెప్పి, మనం అటు తిరిగి కూర్చుని వినడం చేతనైన జాగ్రత్త. అప్పుడు కూడా రెండింటి శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినదే చెవికి మెరుగ్గా అనిపిస్తుంది.

పేరు పొందిన స్పీకర్లలో అందం లేనివి చాలానే ఉన్నాయి. బీబీసీ 1970ల్లో తన ప్రసార వాహనాల్లో వాడుకోవడానికి రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ అడుగు ఎత్తున్న ఒక చెక్క డబ్బా మాత్రమే. గొంతును ఉన్నదున్నట్టు పలికించినందుకు అది ఇళ్లలోకి కూడా వచ్చింది, దాని కొత్త రూపాలను బ్రిటన్ కంపెనీలు నేటికీ తయారు చేస్తున్నాయి. యమహా కంపెనీ 1978లో ఇళ్ల కోసం తెచ్చిన ఎన్‌ఎస్-10 నల్ల పెట్టెలో తెల్ల కోనుతో (కదులుతూ శబ్దం పుట్టించే గరాటు భాగంతో) ఉండేది. ఇళ్లలో పెద్దగా మెప్పు పొందకపోయినా రికార్డింగ్ స్టూడియోల బల్లల మీద రెండు దశాబ్దాలకు పైగా నిలిచింది. 1957లో వచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును చూసినవారు గదిని వేడి చేసే యంత్రమని పొరబడేవారట. మన జిల్లాల్లో అలాంటి యంత్రాన్ని చూసినవారే తక్కువ కాబట్టి ఇక్కడ ఆ పొరపాటు జరిగేది కాదు.

ఇంతమాత్రాన రూపమంతా అలంకారమే అనుకోవడం కూడా తొందరపాటే అవుతుంది. స్పీకరు విషయంలో రూపంలో ఒక భాగం ధ్వనే. పెట్టె ముందు పలక అంచులు పదునుగా ఉంటే శబ్దతరంగం అక్కడ చెదిరి, అసలు శబ్దం వెంట కొంచెం ఆలస్యంగా మళ్లీ చెవిని చేరుతుంది. గోళాకారపు పెట్టె అన్నిటికంటే నునుపైన ధ్వని ఇస్తుందని, ఘనాకారపు పెట్టె ఎగుడుదిగుడులు తెస్తుందని అమెరికా ధ్వని ఇంజనీరు హ్యారీ ఆల్సన్ ఏడు దశాబ్దాల క్రితమే కొలిచి చూపించాడు. కాబట్టి గుండ్రటి అంచులకు, వంపు తిరిగిన పక్కపలకలకు ఇచ్చే డబ్బు వృథా కాదు. 1993లో బి అండ్ డబ్ల్యూ కంపెనీ తెచ్చిన నాటిలస్ స్పీకరు నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. కోను వెనుకవైపు పుట్టే శబ్దం సన్నబడుతూ పోయే గొట్టంలో అణగిపోవాలనే ఆలోచన నుంచి ఆ ఆకారం పుట్టింది, చూసేవారిని ఆశ్చర్యపరచడానికి కాదు. ఇక పెట్టె పైన అతికించే పలుచని చెక్కపొర, అంటే వెనీరు, టేకుదా, వాల్‌నట్‌దా అన్నది, అద్దంలాంటి పియానో మెరుగు ఉందా లేదా అన్నది, కోను చుట్టూ మెరిసే క్రోమ్ చుట్టు ఉందా అన్నది చెవికి సంబంధించిన విషయాలు కావు. పెట్టె పక్కపలక నడుమ వేలి కణుపుతో తట్టి చూస్తే పొట్టిగా, మొద్దుగా పలకాలి. బోలుగా మోగితే లోపల అడ్డుపట్టీలు సరిగా లేవని అర్థం, అలాంటి పెట్టెకు పైన ఎంత మెరుగు పెట్టినా పాటతోపాటు ఆ పెట్టె కూడా పాడుతుంది.

యాంప్లిఫయర్ సంగతికి వస్తే, రూపానికి డబ్బు ఇవ్వకూడదన్నదే నా స్పష్టమైన అభిప్రాయం. అరంగుళం మందమున్న అల్యూమినియం ముఖం, మెకింటాష్ అనే యాంప్లిఫయర్ల కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన నీలి మీటర్లను పోలిన మీటర్లు చూడముచ్చటగా ఉంటాయి, అంతే. మెకింటాష్ మీటర్ల వెనుక బలమైన ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. వాటిని అనుకరించిన చవక సరుకులో మీటరు మాత్రమే ఉంటుంది. కరెంటు వృథా తక్కువగా ఉండే క్లాస్-డి పద్ధతిలో చేసిన యాంప్లిఫయర్లు అరచేతంత పెట్టెలోనుంచి కూడా పెద్దగా వేడెక్కకుండా కావలసినంత బలం ఇస్తున్నాయి కాబట్టి బరువును బట్టి అంచనా వేసే పాత పద్ధతి కూడా ఇప్పుడు పూర్తిగా పనిచేయదు. యాంప్లిఫయర్‌లో కళ్లతో చూడవలసినది పైమూత మీది గాలి రంధ్రాలు. మే నెలలో పగలు 45 డిగ్రీలు తాకే నల్లగొండలో, అద్దాల తలుపులున్న షోకేసులో దాన్ని బంధిస్తే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు త్వరగా కరుగుతుంది. ప్రతి 10 డిగ్రీల వేడికి వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ పని చేసేవారి లెక్క. వైర్ల అందం గురించి రాయడానికి ఏమీ లేదు.

అసలు చిక్కు చోటు దగ్గర వస్తుంది. మిర్యాలగూడలో మా బంధువుల ఇంట్లో హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉంటుంది. నేల మీద తాండూరు బండలు, పైన ఆర్‌సీసీ స్లాబు, ఒక గోడ పొడవునా టీవీ షోకేసు. వారు శ్రద్ధగా విచారించి నాణ్యమైన బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నారు, కానీ వాటి బూడిదరంగు పెట్టెలు ఇంటివారికి నచ్చకపోవడంతో అవి షోకేసు అరల్లోకి, దేవుని పటానికీ పెళ్లి ఫోటోకూ నడుమకు చేరాయి. వెనుక ఉన్న గాలిగొట్టం నోరు చెక్కకు ఆనింది, అరే ఒక డొల్లపెట్టెలా మోగడం మొదలైంది. ఒగ్గు కథ రికార్డింగ్ పెట్టి విన్నాము. డోలు మీద పడే దెబ్బ ముగిసేలోపే దాని వెనుక ఒక గుబగుబ వచ్చి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండవలసిన ఖాళీని పూడ్చేసింది. కథకుడి మాటల్లో పొల్లు అక్షరాలు వినబడలేదు. స్పీకర్లను రెండు స్టూళ్ల మీద పెట్టి, గోడకు రెండడుగులు ముందుకు జరిపి, సన్న స్వరాలు పలికే ట్వీటరు కూర్చున్నవారి చెవి ఎత్తుకు వచ్చేలా సర్దితే, ఆ డోలే విడివిడిగా, కర్ర తగిలిన చోటు తెలిసేలా మోగింది. అతిథులు వచ్చే వేళకు అవి మళ్లీ అరల్లోకి వెళ్లిపోయాయి.

ఇందులో వింతేమీ లేదు. స్పీకరు గోడకు ఆనితే అడుగు స్వరాల (బాస్) బలం 6 డెసిబెళ్ల దాకా పెరగవచ్చు, మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది. అందువల్ల హాలు నడుమకు రానిచ్చే రూపం లేని మంచి స్పీకరు కంటే, గోడకు ఎడంగా నిలబెట్టినా ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పని మధ్యరకం స్పీకరు బాగా పలికే అవకాశం ఉంది. టవర్ల పట్ల శాస్త్రం తెలిసినవారికి ఉన్న చిన్నచూపు నాకు ఇక్కడే సమంజసంగా తోచదు. సన్నని టవరు, స్టాండు మీద నిలిపిన బుక్‌షెల్ఫ్ నేల మీద ఆక్రమించే చోటు ఒక్కటే. టవరు దానంతట అదే నిలబడుతుంది, షోకేసులో పట్టదు కాబట్టి ఎవరూ దాన్ని అరలోకి తోయలేరు. స్టాండు ఖర్చును చాలామంది లెక్కలో వేసుకోరు, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఒరిగిపడే భయమూ ఉంటుంది. అయితే పన్నెండడుగుల హాలులో అడుగు స్వరాలు పలికే వూఫర్లు రెండేసి పెద్దవి ఉన్న టవర్లు గదిని అడుగు స్వరాలతో నింపేస్తాయి. టవరే తీసుకుంటే ఒక్క చిన్న వూఫరు ఉన్న సన్నని రకం చాలు.

కనబడకుండా ఉండే మూడవ రకం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. చాలా సౌండ్‌బార్‌లలో కుడి ఎడమ స్పీకర్ల మధ్య మూడడుగుల దూరం కూడా ఉండదు కాబట్టి పాటలో గాయకుడు ఒకవైపు, వేణువు ఒకవైపు ఉన్న భావన రావడం కష్టం. వార్తలకు, సీరియళ్లకు అది చక్కగా సరిపోతుంది. సీలింగ్ స్పీకర్లు పాడితే గాయని నెత్తిమీద కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. ఫంక్షన్ హాళ్లకు, హోటళ్లకు అవి తగినవి.

మన వాతావరణం కూడా అందం లెక్కలోకి రావాలి. పాలమూరు చెల్క నేలల ఎర్రదుమ్ము నల్లటి పియానో మెరుగు మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి కనబడుతుంది. పొడిగుడ్డతో పదేపదే తుడిస్తే సన్నని గీతలు పడి, ఏ మెరుపు కోసం అదనంగా ఇచ్చామో ఆ మెరుపే ముందుగా పోతుంది. మెరుపు లేని మాట్ వెనీరు మీద దుమ్మూ గీతలూ అంతగా తెలియవు. ముందున్న గుడ్డ తొడుగు తీసేస్తే కోన్లు అందంగా కనబడతాయి గానీ, పసిపిల్లల వేళ్లకు ట్వీటరు గుమ్మటాన్ని నొక్కిచూడటం కంటే ఇష్టమైన పని ఉండదు. పాతకాలపు వెండిరంగు సెట్లు, చెక్క పెట్టెల స్పీకర్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు కోను అంచు చుట్టూ ఉన్న పట్టీని చూడాలి. అది ఫోమ్‌దైతే పది పదిహేనేళ్లకు పొడిపొడిగా రాలుతుంది, రబ్బరుదైతే చాలా కాలం నిలుస్తుంది. చెక్కపొట్టుతో చేసిన పెట్టెలను నేల మీద నేరుగా పెడితే చెదలు పట్టే ప్రమాదం కూడా ఉంది.

అందం కోసం డబ్బు పెట్టదలచుకుంటే దానికి పెట్టెకంటే గోడ మంచి చోటు. బండలు పరచిన, పరదాలు తక్కువగా ఉన్న హాలులో ఒక్కసారి చప్పట్లు కొడితే గోడల మధ్య ‘ట్రింగ్’మని తిరిగే శబ్దం వినబడుతుంది, ఏ స్పీకరు తెచ్చినా పాటకు ఆ ధ్వని తోడవుతుంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న చెక్క చట్రం వడ్రంగి చేత చేయించి, అందులో రెండంగుళాల మందం రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతిపీచు) నింపి, పైన పోచంపల్లి నూలు ఇక్కత్ బట్టను బిగించి పక్కగోడలకు తగిలిస్తే, చూసేవారికి అది అలంకారం, వినేవారికి ఉపశమనం. బట్ట ఎంచుకునేటప్పుడు నోటికి ఆనించి ఊదాలి, గాలి అవతల పెట్టిన అరచేతికి తగలాలి. జరీ దట్టంగా ఉన్న గద్వాల పట్టు ఈ పనికి రాదు. ఒకరు గోడవెంట అద్దాన్ని జరుపుతుంటే, కూర్చున్నవారికి అద్దంలో ట్వీటరు కనబడిన చోటే చట్రం తగిలించవలసిన చోటు. నేల మీద స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందపాటి వరంగల్ జంపఖానా పరిస్తే ఇంకొంత మేలు. ఈ చట్రాలు డోలు మోత వంటి అడుగు స్వరాలను ఏమీ చేయలేవు. దానికి స్పీకరును గోడకు దూరంగా జరపడమే మందు.

ఇక తీర్పు. పాటల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉన్నవారు, లేదా స్టాండ్ల మీది పెట్టెలను చూసి ఎవరూ నొసలు ముడవని ఇంట్లో ఉన్నవారు సాదా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, రంధ్రాలున్న సాదా యాంప్లిఫయర్ తీసుకుని మిగిలిన డబ్బును గోడ చట్రాలకు పెట్టాలి. హాలు అందరిదీ అయినప్పుడు, అదే మన ప్రాంతంలో ఎక్కువ, మాట్ వెనీరు ఉన్న సన్నని టవర్లు మేలు. వాటి రూపానికి పదిలో రెండు మూడు వంతుల డబ్బు పోయినా నష్టం లేదు, కానీ ఆ ఉదారత యాంప్లిఫయర్ ముఖం దాకా సాగకూడదు. దుకాణానికి బయలుదేరే ముందు హాలు నేల మీద, గోడకు రెండడుగుల ఎడంగా, స్పీకర్లు నిలవవలసిన రెండు చోట్లను సుద్దముక్కతో గీసి ఇంటివారందరికీ చూపించాలి. ఆ గీతలకు ఒప్పుకోలు దొరక్కపోతే టవరూ బుక్‌షెల్ఫూ రెండూ మానుకుని సౌండ్‌బార్ కొనుక్కోవడం మంచిది, మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ వస్తుంది.