స్విఫ్ట్‌కి టర్బో వేయించాలా, టర్బో బండే కొనాలా?

దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో, నలుగురు ఎక్కి ఏసీ ఆన్‌లో ఉన్న 1.2 పెట్రోల్ స్విఫ్ట్‌ మూడో గేరులో లాగలేదు. రెండులోకి దించితే ఇంజిన్ అరుపే తప్ప పికప్ పెద్దగా ఉండదు. ఉన్న బండికే టర్బో (ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలి కుక్కే పరికరం) వేయిస్తే పోలా అన్న ఆలోచన చాలామందికి అక్కడే పుడుతుంది. ఆన్‌లైన్‌లో కిట్లు దొరుకుతాయి, బిగించే ట్యూనర్లూ ఉన్నారు. ఇంకో దారి, ఈ బండి అమ్మేసి కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన పెట్రోల్ కారు తీసుకోవడం. మూడోది, టర్బో జోలికి పోకుండా ఉన్న ఇంజిన్‌కి రీమ్యాప్ చేయించడం, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్పించడం.

నా మాట ముందే చెప్తాను. రోజూ ఆఫీసుకీ, అప్పుడప్పుడు ఊరికీ వెళ్లే బండి అయితే రెండో దారే మేలు. ఎందుకో తెలియాలంటే పిస్టన్ దాకా వెళ్లాలి.

మామూలు ఇంజిన్ బయట ఎంత వాతావరణ పీడనం ఉంటే అంత గాలితోనే సర్దుకుంటుంది. సముద్రమట్టం దగ్గర అది 14.7 పీఎస్ఐ (పీడనం కొలత). టర్బో దాని మీద ఇంకో 7 పీఎస్ఐ బూస్ట్ ఇస్తే సిలిండర్‌లోకి దాదాపు సగం గాలి అదనంగా వెళ్తుంది, దానికి తగ్గ పెట్రోలూ పోయాలి. కాగితం మీద పవర్ కూడా సగం పెరగాలి. గాలి వేడెక్కడం వల్ల, ఎగ్జాస్ట్ వైపు అడ్డు పెరగడం వల్ల నిజంగా చేతికొచ్చేది అంతకంటే తక్కువే. అయినా 85 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) బండికి అది చాలా పెద్ద మార్పు.

చిక్కంతా కంప్రెషన్‌తో, అంటే గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ నిష్పత్తితో. మైలేజీ కోసం మారుతి తన 1.2 ఇంజిన్ కంప్రెషన్‌ని పెంచుకుంటూ వచ్చింది. కె12ఎం అనే పాత 1.2 ఇంజిన్ చివరి రోజుల్లో 11:1 ఉంటే, 2021 స్విఫ్ట్‌లో వచ్చిన కె12ఎన్‌లో 12:1 అయింది. అదే సుజుకి తన 1.0 బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్‌ని 10:1 దగ్గర ఆపింది. అప్పటికే గట్టిగా నొక్కే ఇంజిన్‌లోకి ఇంకా గాలి కుక్కితే నాకింగ్ మొదలవుతుంది. స్పార్క్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడైతే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ఉంటే ఆ హోరులో వినపడదు. దెబ్బ తగిలేదీ అప్పుడే. పిస్టన్ మీద రెండు రింగుల మధ్య ఉండే సన్నటి అల్యూమినియం గట్టు విరుగుతుంది, వెనక నీలం పొగ మొదలవుతుంది, ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. ఇక పిస్టన్లు మార్చాల్సిందే.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) ఆక్టేన్, అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం, పాత 91 కంటే ఎక్కువ కదా అని కొందరు అంటారు. నిజమే, ఇథనాల్ నాకింగ్‌ని కొంత ఆపుతుంది. కానీ అదే పవర్‌కి దాన్ని ఎక్కువ పోయాలి కాబట్టి, టర్బోతో ఇప్పటికే చాలని ఇంజెక్టర్లు ఇంకా చాలకుండా పోతాయి.

హై కంప్రెషన్ మీద టర్బో పెట్టి కార్ల కంపెనీలే ఇబ్బంది పడ్డాయి. అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కంప్రెషన్ 10.25:1. నాకింగ్ రాకుండా మెథనాల్ కలిపిన నీటిని ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు పెట్టారు. ఆ ట్యాంకు నింపడం చాలామంది ఓనర్లు మర్చిపోయేవారు. చివరికి ఎన్నో బండ్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించాల్సి వచ్చింది.

అందుకే కిట్ ధర చూసి లెక్కలు వేసుకోవద్దు. టర్బో, మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్ (వేడెక్కిన గాలిని చల్లబరిచేది) ఆ ధరలో వస్తాయి. పెద్ద ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, బూస్ట్‌ని చదవగల మ్యాప్ (గాలి పీడనం) సెన్సర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూనింగ్, గట్టి క్లచ్ ప్లేట్, బూస్ట్ పెంచాలంటే ఫోర్జ్‌డ్ (మరింత గట్టి) పిస్టన్లు, ఇవన్నీ విడిగా పడతాయి. ఆయిల్ పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. చిన్న టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని బేరింగులు బతికేది ఇంజిన్ ఆయిల్ మీదే. ఆ ఆయిల్ తిరిగి కిందికి దిగాలంటే ఆయిల్ చాంబర్‌కి రంధ్రం చేసి పైపు వెల్డ్ చేయాలి, పైపు ఎక్కడా పైకి వంగకుండా నేరుగా వాలుగా ఉండాలి. అక్కడ ఆయిల్ నిలిచిందంటే సీల్ దాటి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, టర్బో కొత్తదే అయినా పొగ వస్తుంది.

ఇక కంపెనీ టర్బో సంగతి. మారుతి ఫ్రాంక్స్ రెండు ఇంజిన్లతోనూ వస్తుంది కాబట్టి పోల్చడం తేలిక. 1.2 మామూలు ఇంజిన్‌ది 90 పీఎస్, 4,400 ఆర్‌పీఎం దగ్గర 113 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). 1.0 టర్బోది 100 పీఎస్, 147.6 ఎన్ఎం. పవర్‌లో తేడా పదే. కానీ ఆ టార్క్ 2,000 నుంచి 4,500 ఆర్‌పీఎం దాకా పరుచుకుని ఉంటుంది. ఘాట్‌లో మనకు కావాల్సింది సరిగ్గా అదే. పెద్ద నంబర్ కోసం పెద్ద టర్బో పెట్టిన బండిలో బూస్ట్ ఆలస్యంగా అందుకుంటుంది. డైనో (పవర్ కొలిచే యంత్రం) షీట్ మీద బాగుంటుంది, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏం లాభం? ఇంకో మాట, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. ఆ ఎత్తులో గాలి పలచన అయ్యే మేరకు మామూలు ఇంజిన్ పవర్ తగ్గుతుంది, టర్బో ఆ లోటు పూడుస్తుంది.

కంపెనీ టర్బోకీ ఇబ్బందులున్నాయి. గట్టిగా తొక్కితే మైలేజీ పడిపోతుంది, ఆయిల్ టైముకి మార్చకపోతే టర్బో పోతుంది. సెకండ్ హ్యాండ్‌లో మారుతి బలేనో ఆర్ఎస్ లాంటి టర్బో బండి చూస్తుంటే సర్వీస్ రికార్డు లేని బండి వైపు వెళ్లొద్దు.

రీమ్యాప్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. టర్బో లేని ఇంజిన్‌లో అదనపు గాలి లేదు కాబట్టి కొద్దిగా చురుకుదనం తప్ప పెద్దగా రాదు. ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తితే ఇంటర్‌కూలర్ ముందే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఎక్కే బండికి నాకు అన్నిటికంటే టెన్షన్ ఇదే.

మరి ఉన్న బండికి టర్బో వేయడం ఎవరికి సరిపోతుంది? ట్రాక్‌కి ట్రక్కు మీద తీసుకెళ్లే రెండో బండి ఉన్నవాళ్లకి. 1989లో వచ్చిన మజ్దా మియాటాకి దశాబ్దాలుగా టర్బో కిట్లు నడుస్తున్నాయంటే దానికి కారణం ఉంది: దాని 1.6 ఇంజిన్ మజ్దా 323 టర్బో ఇంజిన్ కుటుంబానిదే, కంప్రెషన్ కూడా 9.4:1. మొదటి నుంచీ గట్టి పునాది ఉన్న ఇంజిన్ అది.

అయినా చేయించాలనుకుంటే డబ్బు కట్టే ముందు ట్యూనర్‌ని మూడు అడగండి: ముందు కంప్రెషన్ టెస్ట్ చేస్తారా, ఆయిల్ రిటర్న్ పైపు ఎక్కడ వెల్డ్ చేస్తారు, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది) పెట్టి డైనో మీద ట్యూన్ చేస్తారా. "ఏం కాదన్నా, రోడ్డు మీద చూసుకుందాం" అన్నారంటే బండి తీసుకుని వచ్చేయండి.