కండెన్సేట్ రికవరీ: మా బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లులో కొన్ని సీజన్లు నడిపాక

ఊక బాయిలర్ ఎన్ని టన్నులది, ఎంత ప్రెషర్‌ది అన్న సంగతులు ఇక్కడ రాయను. మిల్లు నడిపేవాళ్లకి అవి తెలిసినవే, కొటేషన్‌లోనూ ఉంటాయి. నేను చెప్పదలచింది ఒక్కదాని గురించే: వడ్లు ఆరబెట్టే డ్రైయర్ల రేడియేటర్లలో ఆవిరి చల్లారి దిగే వేడినీళ్లని (కండెన్సేట్ అంటే ఇవే) మళ్లీ బాయిలర్ దగ్గరికి తెచ్చే లైను. కంపెనీవాళ్ల బ్రోషర్ నిండా ఆకుపచ్చ ఆకులు, భూగోళం బొమ్మ, పేజీకోసారి 'సస్టెయినబుల్' అన్న మాట. ఈ లైనుకి మాత్రం ఆఖరి పేజీలో రెండు వాక్యాలు. మొత్తం సెట్టులో ఆ మాటకి నిజంగా తగింది ఏదైనా ఉందంటే ఇదే.

ఇంతకుముందు మా దగ్గర ఆ నీళ్లు పొగలు కక్కుతూ కాలవలోకి పోయేవి. నల్గొండ జిల్లా మిల్లుల్లో చాలాచోట్ల ఇప్పటికీ అంతే. 'మన వడ్లు, మన ఊక, ఊరికే వచ్చేదానికి లెక్కలెందుకు' అనే ధోరణి మాది. కానీ ఆవిరి తన పని చేసి నీళ్లయ్యాక కూడా, అందులోని మొత్తం వేడిలో దాదాపు 20 నుంచి 25 శాతం ఆ నీళ్లలోనే ఉంటుంది. దాన్ని పారబోసి, బోరు నుంచి 30 డిగ్రీల నీళ్లు తోడి మళ్లీ కాచేవాళ్లం. బాయిలర్‌కి పంపే నీళ్ల (ఫీడ్ నీళ్ల) వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు 1 శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పుస్తకాల్లో ఉంటుంది. మా ట్యాంకులో ఇప్పుడు నీళ్లు 85, 90 డిగ్రీల దగ్గర ఉంటున్నాయి. లెక్క మీరే వేసుకోవచ్చు.

అయితే నాకు ముందు తెలిసొచ్చింది ఊక సంగతి కాదు, ఉప్పు సంగతి. మా బోరు నీళ్లు బాగా కఠినం. నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్‌కి బస్తాలకొద్దీ ఉప్పు పోసేవాళ్లం, అయినా ఏటా ట్యూబుల మీద తెల్లగా పెచ్చు కట్టేది. ఆవిరి చల్లారి వచ్చిన నీళ్లలో సున్నం ఉండదు కదా, ఎన్ని నీళ్లు వెనక్కొస్తే సాఫ్ట్‌నర్‌కి అంత పని తగ్గింది. బ్లోడౌన్ కొట్టడమూ, అంటే బాయిలర్ అడుగున పేరుకున్న ఉప్పు నీళ్లని బయటికి వదలడమూ తగ్గింది. తర్వాతి ఇన్‌స్పెక్షన్‌కి బాయిలర్ విప్పినప్పుడు ట్యూబులు చూసి మా ఆపరేటరే ఆశ్చర్యపోయాడు. ఊక విషయం ఆ తర్వాత, మిగిలిన ఊక ఇటుక బట్టీలకి పోయే లోడ్లు పెరిగాకగానీ అర్థం కాలేదు. ఊక తక్కువ కాల్తే బూడిదా తగ్గుతుంది. కాల్చిన ఊకలో ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది కాబట్టి, దాన్ని ఎక్కడ పోయాలన్న తలనొప్పీ కొంత దిగింది.

ఇక అసలు కథ. లైను వేసిన మొదటి యాసంగి. వడ్లు లారీల్లో దిగుతున్నాయి, డ్రైయర్లు రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. ఒకరాత్రి బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఫీడ్ పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు చప్పుడు. బాయిలర్ గాజుగొట్టంలో నీటిమట్టం దిగుతోంది. ఆపరేటర్ ఫోన్ చేసి, "సేటూ, పంపు తిరుగుతుంది గానీ నీళ్లు ఎక్కుతలేవు" అన్నాడు. రెండో పంపు వేశాడు, దానిదీ అదే చప్పుడు. ఇంతలో లో వాటర్ అలారం మోగి ఊక స్క్రూ, ఫ్యాన్లు ఆగిపోయాయి. నానిన వడ్లు ట్యాంకుల్లో ఉన్నాయి. అవి వేడినీళ్లలో అలాగే ఉండిపోతే బియ్యం రంగు తిరుగుతాయి, వాసన పడతాయి, గోడౌన్‌లో లాటు వెనక్కి కొడతారు. ఆ టెన్షన్ మిల్లు నడిపినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆపరేటర్ ఫీడ్ ట్యాంకులోకి బోరు నీళ్లు వదిలాడు. కాసేపటికి పంపు దారికొచ్చింది. అప్పటికి గండం గడిచిందిగానీ, వేడినీళ్లు తెచ్చి అందులో చన్నీళ్లు కలపడమంటే లైను ఉండీ లేనట్టే. లైను వేసిన కంపెనీకి చెబితే పంపు పాతదైపోయిందన్నారు. మెకానికల్ సీల్ మార్పించారు, ఆ తర్వాత పంపే మార్పించారు. కొత్త పంపుదీ అదే పాట. సీజన్ అయ్యేదాకా చన్నీళ్లు కలుపుతూనే లాక్కొచ్చాం.

విషయం తేల్చింది షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. వచ్చి పంపు వైపు సరిగా చూడను కూడా లేదు, ట్యాంకు చూశాడు. "ఇది నేల మీదుంటే ఎట్ల? పైకెక్కియ్యాలె" అన్నాడు. సంగతేమిటంటే, పంపు లాగేచోట ఒత్తిడి పడిపోతుంది. చల్లని నీళ్లయితే పర్వాలేదు. మరిగే దశకి దగ్గరగా ఉన్న నీళ్లు ఆ కాస్త ఒత్తిడి తగ్గగానే పంపు లోపలే ఆవిరి బుడగలవుతాయి. అవి పగలడమే ఆ చప్పుడు. పంపులో తిరిగే చక్రాన్ని (ఇంపెల్లర్‌ని) గుంటలు పడేలా కొరికేదీ అవే. ట్యాంకు ఎత్తులో ఉంటే ఆ నీటి బరువు పంపు మూతి దగ్గర ఒత్తిడి నిలబెడుతుంది, నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. మా ట్యాంకు పాత చోటే, అడుగెత్తు దిమ్మె మీద ఉంది. డ్రాయింగులో ట్యాంకు ఉంది, పైపులున్నాయి, ఎత్తు మాత్రం ఎక్కడా లేదు.

ఇనుప స్టాండు కట్టించి ట్యాంకుని షెడ్డు కప్పు దాకా లేపాం. పంపు నీళ్లు లాగే సక్షన్ పైపు పెద్దది వేసి వంపులు తగ్గించాం. ఖర్చు మాదే. ఆ తర్వాత ఇప్పటిదాకా పంపు మళ్లీ ఆ చప్పుడు చెయ్యలేదు. ఉక్రోషం ఒక్కటే: వేడి ఆదా చేసే మెషీన్ అని అమ్మేవాడు, ఆ వేడి వెనక్కొచ్చాక పంపు ఏమవుతుందో కాగితం మీదే చూసుకోవద్దా? స్టాండు కూడా డిజైన్‌లో భాగమే కదా.

పైన మెచ్చుకున్నదాన్ని కొంచెం సర్దాలి. నీళ్లు 90 శాతం దాకా వెనక్కొస్తాయని అమ్మేటప్పుడు చెప్పారు. అది డ్రైయర్లకి పోయే ఆవిరి వరకే. వడ్లు నానబెట్టే నీళ్లని కాచడానికి, వడ్లని ఉడికించడానికి ఆవిరిని నేరుగా వదులుతాం, అది తిరిగి రాదు. మిల్లు మొత్తం మీద చూస్తే చెప్పిన అంకె పొసగదు. నానబెట్టిన నీళ్ల కంపు, దాని శుద్ధి గొడవ అయితే ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ లైనుకి దాంతో సంబంధమే లేదు.

ఇంకోటి స్టీమ్ ట్రాపులు, అంటే ఆవిరిని ఆపి నీళ్లని మాత్రమే బయటికి వదిలే వాల్వులు. నీళ్లు కాలవలో పడే రోజుల్లో ట్రాపు తెరుచుకుపోతే ఆవిరి బుస్సుమని కనిపించేది, ఎవరో ఒకరు కేకేసేవాళ్లు. ఇప్పుడంతా పైపులోనే జరుగుతుంది. ఒక ట్రాపు పాడై ఆవిరి నేరుగా ట్యాంకులోకి వస్తున్నా మాకు చాలా రోజులు తెలియలేదు. నీళ్లు బాగా వేడిగా వస్తున్నాయని మురిసిపోతున్నాం! ట్యాంకు వెంటు నుంచి ఆవిరి మరీ ఎక్కువగా లేస్తోందని గమనించాకే దొరికింది. ఇప్పుడు ప్రతి ట్రాపు తర్వాతా పైపు లోపల ఏం పోతుందో కనిపించే గాజు కిటికీ (సైట్‌గ్లాస్) పెట్టించాం. కొనేటప్పుడే అడగండి, విడిగా వేయిస్తే ఖర్చెక్కువ. రిటర్న్ పైపుల మోచేతులు లోపల తిని పల్చబడుతున్నాయి కూడా. ఆ నీళ్లలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లంలా పనిచేస్తుందట. రెండుచోట్ల ఇప్పటికే మార్చాం. సీజన్ మొదట్లో వచ్చే ఎర్రటి తుప్పు నీళ్లని ట్యాంకులోకి రానివ్వకుండా బయటికి వదలడం ఇప్పుడు అలవాటైంది.

మళ్లీ పెట్టమంటే పెడతానా? మా మిల్లుకైతే పెడతాను. మాది ఎక్కువగా యాసంగి వడ్లు, ఎండలకి రా రైస్ పడితే నూక ఎక్కువవుతుంది కాబట్టి ఉప్పుడు బియ్యమే గతి. డ్రైయర్లు నెలల తరబడి ఆగవు. పైగా మిగిలిన ఊక కొనే బట్టీలు దగ్గర్లోనే ఉన్నాయి. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద కేంద్రానికీ రాష్ట్రానికీ నడిచిన గొడవ లాంటిది మళ్లీ వచ్చి డ్రైయర్లు ఖాళీగా కూర్చుంటే, పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో నేను చెప్పలేను. పక్కమిల్లువాళ్లు ఈమధ్య అడిగారు. వాళ్లది చాలావరకు రా రైస్, డ్రైయర్ నడిచేది తక్కువ. వాళ్లని మాత్రం ముందు ఆవిరి పైపులకి ఊడిపోయిన ఇన్సులేషన్ కట్టించుకోమన్నాను, లైను సంగతి తర్వాత చూద్దామని.