గ్లాస్ మొజాయిక్, మార్బుల్ మొజాయిక్, హైలైటర్ టైల్: ఏ గోడకు ఏది మేలు?

టైల్స్ షోరూములో ఎవరి కాళ్లయినా ఆగిపోయే చోటు ఒకటుంటుంది. స్పాట్‌లైట్ల కింద గ్లాస్ మొజాయిక్ షీట్లు, అంటే చిన్న చిన్న గాజు ముక్కల్ని కలిపి అతికించిన పలకలు, వరసగా వేలాడదీసిన గోడ అది. నెమలికంఠం రంగు, తేనె రంగు, బంగారు రంగు. తల కొంచెం కదిపితే చాలు, మెరుపు ముక్క నుంచి ముక్కకు పాకుతుంది. అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వకండి. ముందు ఏ గోడకో తేల్చుకోండి. మొజాయిక్ కొనేది గాజును చూసి, కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ తుడుచుకోవలసింది దాని సందుల్ని.

లెక్క చూడండి. మామూలుగా దొరికే షీటులో 20 మిల్లీమీటర్ల ముక్కలు 15 వరసలు, వరసకు 15, మొత్తం 225 ఉంటాయి. చదరపు మీటరు గోడకు రెండు వేలకు పైగా ముక్కలు పడతాయి. మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు ఉందనుకుంటే, గోడలో దాదాపు 17 శాతం గ్రౌటే, అంటే సందుల్లో నింపే పూతే. 10 మిల్లీమీటర్ల ముక్కలు తీసుకుంటే అది 30 శాతం దాటుతుంది. అంతే సందుతో 300×600 మిల్లీమీటర్ల హైలైటర్ టైల్ (డిజైన్ ముద్రించిన అలంకార టైల్) వేస్తే గ్రౌట్ ఒక్క శాతం. గాజు నీళ్లు తాగదు, రంగు వెలవదు, మరక పట్టదు అని షాపువాళ్లు చెప్పేది నిజమే. ఆ మాట గాజుకే వర్తిస్తుంది, గోడలో ఆరో వంతున్న గ్రౌట్‌కి వర్తించదు.

అందుకే పొయ్యి వెనక గోడకు నేను గ్లాస్ మొజాయిక్ వద్దంటాను. మన వంటిల్లు పోపు వేసే వంటిల్లు. ఆవాలు చిటపటలాడిన ప్రతిసారీ సన్నటి నూనె తుంపర గోడ మీద పడుతుంది, దాంతోపాటే పసుపూ కారమూ. గాజు మీద పడింది తడిగుడ్డతో పోతుంది. సందులో పడింది సిమెంట్ గ్రౌట్‌లోకి ఇంకిపోతుంది. తెల్ల గ్రౌట్ వేస్తే పసుపు మరకలు, బూడిదరంగు వేస్తే జిడ్డు గీతలు. చిమ్నీ ఉన్నా ఈ తుంపరంతా పైకి పోదు. సిమెంటుకు బదులు రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వేయిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది, ఎందుకంటే అది నూనెనీ నీళ్లనీ పీల్చుకోదు. కానీ ఎపాక్సీ పూసిన వెంటనే, గట్టిపడకముందే, గాజు మీది పొరను పూర్తిగా తుడిచేయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకాలి. తెలియనివాళ్ల చేతిలో పడితే గోడంతా మసకబారిన పొర మిగిలిపోతుంది, దాన్ని వదిలించడం నరకం.

ఇక మార్బుల్ మొజాయిక్. అందంలో గాజుకు తీసిపోదు, ఒద్దికగా, మెత్తగా ఉంటుంది. కానీ పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండు పులుసు చిందినా నిమ్మరసం పడినా ఆ చోట నునుపు కరిగి పాలిపోయిన మచ్చ పడుతుంది. రాయిలోకి మరకలు ఇంకకుండా పూసే సీలర్ వాడితే నూనె మరకలు తగ్గుతాయి గానీ, పులుపు కొరకడం ఆగదు. రసం కాచే ఇంట్లో పొయ్యి దగ్గర దాని ఊసే వద్దు.

పొయ్యి వెనక గెలిచేవి రెండు. ఒకటి పెద్ద సైజు గ్లేజ్డ్ టైల్. రెండోది వెనక రంగు వేసిన టఫెన్డ్ గాజు (వేడిచేసి గట్టిపరిచిన గాజు) పలక, ఒకే ముక్కగా, సందే లేకుండా. గాజు మెరుపు కోరుకునేవాళ్లకు ఈ రెండోదే నా సలహా. ఒక్కటి గుర్తుంచుకోవాలి: టఫెన్ చేశాక ఆ గాజును కోయడం కుదరదు, రంధ్రం పెట్టబోతే పలక మొత్తం పొడిపొడిగా రాలుతుంది. కాబట్టి స్విచ్‌బోర్డులు, ప్లగ్గుల చోట్లు ఎలక్ట్రీషియన్ ఖాయం చేశాకే కొలతలు ఇవ్వాలి. మొజాయిక్ లాగా ముద్రించిన హైలైటర్ టైల్ కూడా పనికొస్తుంది, తుడవడం తేలిక. కంటికి మాత్రం తేడా తెలుస్తుంది. ముద్రించిన మెరుపు ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, నాలుగు టైల్స్ దాటేసరికి అదే డిజైన్ మళ్లీ ఎదురవుతుంది. పని జరగాలంటే అది చాలు, ముచ్చట తీరాలంటే చాలదు.

బాత్రూములో లెక్క తిరగబడుతుంది. షవర్ గోడకు, సబ్బులూ షాంపూలూ పెట్టుకునే గూటికి గ్లాస్ మొజాయిక్ బాగా నప్పుతుంది. ఈతకొలనుల్లో వాడేది కూడా ఇదే కదా. మన ఊళ్లలో అసలు శత్రువు బోరు నీళ్లు. ముదురు నీలం, నలుపు గాజు మీద ఉప్పు మచ్చలు రెండు వారాల్లోనే తెల్లగా తేలతాయి. లేత రంగుల మీద అంతగా కనిపించవు. నిమ్మ ఉప్పు నీళ్లతో గాజు మీద రుద్ది వెంటనే కడిగేస్తే మచ్చలు పోతాయి, పాలరాయి మీద మాత్రం అదే నీళ్లు పడకూడదు. బాత్రూము కడిగే యాసిడ్ దేనిమీదా వద్దు, అది ముందు సిమెంట్ గ్రౌట్‌ను తినేస్తుంది. నేలకు గాజు వద్దు. ఇసుక తొక్కిన కాళ్లతో గీతలు పడతాయి. చిన్న ముక్కలు నీళ్లు పోయే వాలుకు చక్కగా ఒదుగుతాయి, సందులెక్కువ కాబట్టి కాలు జారదు. ఆ లాభం కావాలంటే మ్యాట్ ఫినిష్ పోర్సిలిన్ మొజాయిక్ తీసుకోండి.

దేవుడి గది దగ్గర నేను పూర్తిగా గ్లాస్ మొజాయిక్ పక్షం. ఇక్కడ నూనె తుంపర లేదు, కారే నీళ్లు లేవు. హారతి కర్పూరం మసి పట్టినా గాజు మీద మెత్తటి గుడ్డతో పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ వెలుగు కదులుతుంది. ఇటలీలోని రావెన్నాలో, 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలే చర్చి గోడల మీద బంగారు గాజు ముక్కల్ని కొద్దికొద్దిగా వేరువేరు కోణాల్లో వంచి పొదిగారు. కిటికీ వెలుగు, దీపపు వెలుగు ఒక్కో ముక్క మీంచి ఒక్కోలా తిరిగొస్తుంది. ఆ హంగు షీట్ల మొజాయిక్‌లో పూర్తిగా రాదు, ముక్కలన్నీ ఒకే సమతలంలో ఉంటాయి కాబట్టి. అయినా ప్రమిద వెలిగించి ఒకసారి చూడండి. వత్తి వణికినప్పుడల్లా విగ్రహం వెనక గోడ కూడా కదులుతుంది. గ్రానైట్‌తోనో ప్రింటెడ్ టైల్‌తోనో అది జరగదు. గది మొత్తం పరచనక్కర్లేదు, విగ్రహం వెనక గూడు వరకు చాలు. గూడు కట్టేటప్పుడే ముక్క కొలత చూసుకోండి: 20 మిల్లీమీటర్ల ముక్క, 2 మిల్లీమీటర్ల సందు అయితే 438 మిల్లీమీటర్ల వెడల్పులో సరిగ్గా 20 ముక్కలు కోత లేకుండా కూర్చుంటాయి. కోసిన ముక్కల వరస ఒక్కటి అంచున కనిపించినా గూడు అందం చెడుతుంది.

బంగారు రంగు కొనేటప్పుడు ఒక ముక్కను పక్క నుంచి చూడండి. వెనిస్‌లో 1888 నుంచి పనిచేస్తున్న ఓర్సోనీ కొలిమిలో చేసే రకంలో 24 క్యారెట్ల బంగారు రేకు రెండు గాజు పొరల మధ్య భద్రంగా ఉంటుంది. దాని ధరా అలాగే ఉంటుంది. మన షాపుల్లో క్రిస్టల్ మొజాయిక్ పేరుతో దొరికే వాటిలో చాలావరకు రంగులేని పారదర్శక గాజు, వెనక రంగో రేకో అంటించినవి. షాపతన్ని అడిగి ముక్క వెనకవైపు తాళంచెవితో గీరి చూడండి. రంగు పొడిగా లేస్తే, గోడ చెమ్మగిల్లిన రోజున ఆ ముక్క వెనక రంగూ అలాగే లేస్తుంది. అలాంటిది పొడిగా ఉండే దేవుడి గూటికి ఫరవాలేదు, షవర్ గోడకు మాత్రం కొనకండి. గాజు ఒళ్లంతా రంగున్న ముక్క విరిగినా లోపల అదే రంగు ఉంటుంది. తడి చోట్లకు అదే కావాలి.

అసలు మొజాయిక్ ఎప్పుడైనా పాడయ్యేది ముక్క వల్ల తక్కువ, దాన్ని పట్టుకున్న గోడ వల్ల ఎక్కువ. హైదరాబాద్ పాతబస్తీలో ముహర్రం సంతాప సభలు జరిగే బాద్షాహీ ఆషుర్‌ఖానా చూసినవాళ్లకు ఇది బోధపడుతుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఎనామెల్ పలకల మొజాయిక్ పైభాగంలో ఇప్పటికీ రంగు తగ్గలేదు, దెబ్బతిన్నది 1908 మూసీ వరద ముంచిన కింది భాగం.

అందుకే షీటు ధర కంటే మేస్త్రీని ఎంచుకోవడం మీద ఎక్కువ సమయం పెట్టండి. గాజు నీళ్లు పీల్చదు కనుక ఉత్త సిమెంటు పాలతో అంటిస్తే పట్టు ఉండదు, పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ కావాలి. అదీ తెల్లదే. వెలుగు దూరే గాజు వెనక బూడిదరంగు అడ్హెసివ్ వేస్తే తేనె రంగు బురద రంగవుతుంది. పళ్ల తాపీతో గీసిన చాళ్లను తాపీ వెనకవైపుతో చదును చేశాకే షీటు అంటించాలి, లేకపోతే ఆ చాళ్లు గాజులోంచి చారలుగా కనిపిస్తాయి. గోడ ప్లాస్టరింగ్ రసమట్టానికి సరిగ్గా ఉండాలి. పెద్ద టైల్ చిన్నచిన్న గుంటల్ని దాచేస్తుంది, మొజాయిక్ వాటిని వెలుగులో పెట్టి చూపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ అంచున ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టి గోడను తడుముతూ వెలుగు పడేలా చేస్తే మరీనూ. ఇంకో తరచు తప్పు, షీటుకీ షీటుకీ మధ్య సందు లోపలి సందుల కంటే వెడల్పుగా పడటం. పని పూర్తయ్యాక గోడ మీద అడుగడుగున గళ్లు తేలతాయి. అడ్హెసివ్ తడిగా ఉండగానే ఆరడుగులు వెనక్కి వచ్చి చూడమనండి, అప్పుడైతే జరిపి సరిచేయొచ్చు.

హాలులో టీవీ వెనక గోడకు ఏది మేలని అడిగేవాళ్లకు నా జవాబు: మార్బుల్ మొజాయిక్. రోజంతా కంటి ముందుండే గోడ, టీవీ వెలుగు గాజు మీద ప్రతిబింబిస్తే కళ్లకు శ్రమ. అక్కడ పులుపూ పడదు, నీళ్లూ పడవు.

ఖర్చు విషయంలో షీటు ధర ఒక్కటే పోల్చకండి. తెల్ల అడ్హెసివ్, ఎపాక్సీ, చదరపు అడుగుకు మామూలు టైల్ కంటే ఎక్కువ పడే కూలీ, ఇవన్నీ కలిపి హైలైటర్ టైల్‌తో పోల్చండి. మొత్తం బాత్రూముకి చవక రకం గాజు వేసే డబ్బుతో, ఒక్క గూటికి మేలురకం గాజు, మిగతా గోడలకు సాదా టైల్ వస్తాయి. నన్నడిగితే ప్రతిసారీ ఈ రెండోదే చెబుతాను. షీట్లు తీసుకునేటప్పుడు పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా చూసుకోండి, ఒకటి రెండు షీట్లు ఎక్కువే తెచ్చి అటక మీద దాచండి. రేపు ప్లంబర్ గోడ పగలగొట్టాల్సి వస్తే, అదే రంగు మళ్లీ షాపులో దొరకడం కష్టం.