1935 నాటి కెనడా పాతిక డాలర్ల నోటు: వెల కట్టి అమ్మేదాకా నా అనుభవం

హామిల్టన్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు పెద్దావిడ వృద్ధుల నివాసానికి మారుతూ ఒక పాత బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టారు. "నీకు పాత నోట్ల పిచ్చి కదా, ఇందులో పనికొచ్చేవి ఉంటే అమ్మిపెట్టు" అన్నారు. డబ్బా నిండా 1967 నాటి ఒక డాలరు నోట్లే. కెనడా వందేళ్ల పండుగకు వేసినవి. అప్పుడు అందరూ దాచుకున్నారు కాబట్టి ఇప్పుడు వాటికి పెద్దగా గిరాకీ లేదు. అడుగున ఒక కవరులో మాత్రం ఊదారంగు నోటు. ముందువైపు ఐదో జార్జి రాజు, మేరీ రాణి. వెనకవైపు విండ్సర్ కోట. విలువ 25. పన్నెండేళ్లుగా కెనడా నోట్లు పోగేస్తున్నాను, దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

నోటుకు వెల కట్టడానికి ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్నవి మూడు: కేటలాగు, గ్రేడింగు (నోటు ఎంత బాగా మిగిలిందో చూసి నిపుణులు స్థాయి కట్టడం), వేలం. ఈసారి డబ్బు నాది కాదు, నన్ను నమ్మిన మనిషిది. అందుకే మూడింటినీ గట్టిగా పరీక్షించాను.

ముందు నోటు సంగతి. బ్యాంక్ ఆఫ్ కెనడా 1935 మార్చిలో పని మొదలుపెట్టింది. రాజు గద్దెనెక్కి పాతికేళ్లు నిండిన సందర్భంగా అదే ఏడాది మే 6 తేదీతో ఈ నోటు వేశారు. ఆ బ్యాంకు మళ్లీ ఎప్పుడూ పాతిక డాలర్ల నోటు వెయ్యలేదు. ఆ ఏడాది నోట్లు ఇంగ్లీషువి వేరు, ఫ్రెంచివి వేరు. 1937 నుంచి రెండు భాషలూ ఒకే నోటు మీదకొచ్చాయి. ఫ్రెంచిది ఇంకా అరుదు. మాది ఇంగ్లీషుది. మహామాంద్యం రోజుల్లో 25 డాలర్లు ఒక ఇంటికి చిన్న మొత్తం కాదు, దాచుకోగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? 2021 జనవరి 1 నుంచి ఇది బజారులో చెల్లుబాటు కాదు. బ్యాంక్ ఆఫ్ కెనడాకు పంపితే ఇప్పటికీ 25 డాలర్లు ఇస్తుంది, అంతకు మించి పైసా ఇవ్వదు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

కేటలాగు అంటే ఇక్కడ అందరూ చార్ల్‌టన్ కేటలాగునే తిరగేస్తారు. అందులో ఈ నోటు నంబరు బీసీ-11. మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవడానికి దాన్ని మించింది నాకు దొరకలేదు. సంతకాలు, సీరియల్ ముందున్న అక్షరాలు, నక్షత్రం గుర్తున్న బదులు నోట్లు (అచ్చులో పాడైనవాటి స్థానంలో వేసినవి), అన్నీ విడదీసి చూపిస్తుంది. ధరల గడి దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. అక్కడున్నది దుకాణదారు మనకు అమ్మేటప్పటి ధర. మన దగ్గర కొనేటప్పుడు ఆ అంకె ఎవరూ ఇవ్వరు. పైగా గ్రేడును బట్టి ఒక గడి నుంచి పక్క గడికి జరిగితే ధర ఎంతో మారిపోతుంది. ఏ గడిలో మన నోటు కూర్చుంటుందో తేల్చేది మడతలే.

మడతలు చూడటం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. చీకటి గదిలో నోటును బల్ల మీద పెట్టి, టార్చిలైటు పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వెయ్యాలి. మామూలు వెలుగులో కనిపించని గీత అప్పుడు నీడై లేస్తుంది. ఒక్క మధ్య మడత, అదీ లేతగా ఉంటే ఒక స్థాయి. లేత మడతలు మూడు దాకా ఉంటే దాని కింది స్థాయి. నిలువుగా, అడ్డంగా నాలుగైదు పడ్డాయా, ఇంకో మెట్టు దిగుతుంది. మన దగ్గర రూపాయల కట్టలకు పిన్నులు కొట్టడం చూస్తూ పెరిగాను కాబట్టి మొదట్లో పిన్ను బెజ్జాన్ని నేను లెక్కే చెయ్యలేదు. ఇక్కడ దానికీ ధర తగ్గుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో 1937 నాటి రెండు డాలర్ల నోటును తడిపి, బరువైన పుస్తకాల కింద పెట్టి సాపు చేశాను. కాగితంలోని గరుకు పోయింది, అచ్చులోని ఇంకు ఉబ్బు అణిగిపోయింది. ఆ నోటు చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. కడగొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, టేపు అంటించొద్దు. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా ఉంచొద్దు, ఏళ్లు గడిచేకొద్దీ అవి కాగితాన్ని పాడుచేస్తాయి. మైలార్ (పాలిస్టర్ ఫిల్మ్) కవరు కొనండి.

గ్రేడును 70 పాయింట్ల మీద లెక్కిస్తారు, పెద్దావిడ నోటుకు నేను వేసుకున్న అంచనా 40. గ్రేడింగుకు పంపితే 30 వచ్చింది. ఎప్పుడో ఎవరో మడతలు నొక్కి సాపు చేశారు, నా టార్చికి అది దొరకలేదు. రుసుము, బీమా పోస్టు, నెలల ఎదురుచూపు, అన్నీ కలిపితే చవకైన నోటుకు ఇది దండగే. ఇంత అరుదైనదానికి మాత్రం తప్పదు. గ్రేడు పడ్డాక బేరంలో ఎవరూ "ఇది పాతబడిందండీ" అని నసగలేరు.

అమ్మకం దగ్గర డాలర్ల లెక్క రాస్తే రెండేళ్లకే పాతబడుతుంది, అందుకే పాళ్లలో చెప్తాను. ఆ గ్రేడుకు కేటలాగు ధర వంద అనుకోండి. గ్రేడింగుకు ముందు ఒక దుకాణదారు 35 ఇస్తానన్నాడు, అదీ ఈరోజే తేల్చాలన్నాడు. గ్రేడింగు తర్వాత ఇంకొకాయన 50 అన్నాడు. ఆయనకు అద్దె, జీతాలు ఉంటాయి, ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. వేలంలో సుత్తి 68 దగ్గర పడింది. వేలం సంస్థకు మేం ఇచ్చిన కమీషన్ పది శాతం, గ్రేడింగు, పోస్టు ఖర్చులు పోగా చేతికొచ్చింది 59. కొన్నవాడు మాత్రం పాట మీద ఇంకో ఇరవై శాతం వేలం సంస్థకు కట్టాడు, అంటే అతనికి పడింది దాదాపు 82. పాత వేలాల ఫలితాలు చూసి ఆశపడేవాళ్లు ఈ తేడా పట్టించుకోవాలి. చాలాచోట్ల అచ్చువేసేది కొన్నవాడు కట్టిన మొత్తమే.

మళ్లీ ఇలాంటి నోటు వస్తే ఇదే దారిలో పోతాను, ఒక్క మార్పుతో. పాట ముగిశాక డబ్బు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ సంగతి పెద్దావిడకు ముందే చెప్పలేదు. రెండుసార్లు ఫోన్ చేసి, అడగలేక అడిగారు.